ఫలానా మొక్కతో క్యాన్సర్ తగ్గుతుందట అని వింటే, అందులో ఎంత నిజముందో మీరే చూసుకోవడం ఎలా

ఈ విషయం మీద మాట్లాడేవాళ్ళు ఎక్కువగా రెండు పార్టీలు. ఒక పార్టీకి మూలికలంటేనే మోసం, ఆకు పేరెత్తితే నవ్వేస్తారు. రెండో పార్టీ ప్రకారం ప్రతి ఆకులోనూ క్యాన్సర్ మందు ఉంది, మందుల కంపెనీలే దాన్ని తొక్కిపెడుతున్నాయి. పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్, ఇరినోటెకాన్, ఎటోపోసైడ్... ఇవన్నీ కీమో వార్డుల్లో రోజూ వాడే మందులే, ఇవన్నీ మొక్కల నుంచి పుట్టినవే, కంపెనీలు దాచిపెట్టలేదు సరికదా అమ్ముకుని బాగానే సంపాదించాయి. కాబట్టి మొదటి పార్టీ మాట నిలబడదు. అలాగని రెండో పార్టీ మాటా నిలబడదు, ఎందుకంటే మొక్కల పేరు మీద తిరిగే క్లెయిముల్లో ఎక్కువ భాగం ల్యాబ్ దాటి బయటికి రానివే.

ఇంట్లో పేషెంట్ ఉండి, ఎవరో పంపిన మెసేజో వీడియోనో చూసి, ఇది నిజమా ఉత్తదా అని తేల్చుకోలేక నలిగిపోతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. సైన్స్ డిగ్రీ ఏం అక్కర్లేదు, ఫోన్లో నెట్, ఒక కాలిక్యులేటర్, కాస్త ఓపిక ఉంటే చాలు. ఒక్క కండిషన్ మాత్రం ముందే చెప్తా: మీరు చెక్ చేస్తున్నన్ని రోజులూ నడుస్తున్న ట్రీట్‌మెంట్ ఆపొద్దు, కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు.

ముందు ఆ మాటని విడగొట్టండి

"క్యాన్సర్‌కి మంచిది" అన్న మాటకి కనీసం నాలుగు అర్థాలుంటాయి. రాకుండా ఆపుతుందనా, వచ్చిన గడ్డని కరిగిస్తుందనా, కీమో సైడ్ ఎఫెక్ట్స్ తగ్గిస్తుందనా, మనిషి ఎక్కువ కాలం బతుకుతాడనా? ఇవి నాలుగూ వేరు వేరు, ఒకదానికి రుజువుంటే మిగతా మూడిటికీ ఉన్నట్టు కాదు. అల్లం సంగతే చూడండి, కీమో వల్ల వచ్చే వికారం మీద దాన్ని టెస్ట్ చేశారు, వాంతుల మందులతో పాటు అర గ్రాము నుంచి గ్రాము దాకా ఇస్తే మొదటి రోజు వికారం కొంత తగ్గిందని అమెరికాలో చేసిన ఒక పెద్ద ట్రయల్లో తేలింది. అది వికారం గురించి మాత్రమే, గడ్డ గురించి అందులో ఒక్క ముక్క లేదు. కానీ అదే మెసేజ్ నాలుగు గ్రూపులు తిరిగేసరికి "అల్లంతో క్యాన్సర్ మాయం" అయి కూర్చుంటుంది.

బెర్బెరిన్ ఇంకో రకం. మానుపసుపు జాతి మొక్కల్లో ఉండే పసుపుపచ్చ పదార్థం ఇది, చైనాలో చాలాకాలంగా విరేచనాలకి వాడతారు. పెద్దపేగులో అడినోమా అనే రకం పాలిప్స్ తీసేసిన వాళ్ళని రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూపుకి 0.3 గ్రాముల బెర్బెరిన్ రోజుకి రెండుసార్లు, రెండో గ్రూపుకి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇచ్చి, మళ్ళీ పాలిప్స్ ఎంతమందికి వచ్చాయో చూశారు. 2020లో వచ్చిన రిజల్ట్: బెర్బెరిన్ గ్రూపులో 36 శాతం, ఉత్త మాత్ర గ్రూపులో 47 శాతం. ట్రయల్ పద్ధతిగా చేశారు, రిజల్ట్ కూడా ఆశ పుట్టించేదే. కానీ పాలిప్ క్యాన్సర్ కాదు, ముందు ముందు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న చిన్న పెరుగుదల, అంతే. క్యాన్సర్ ఉన్న మనిషికి బెర్బెరిన్ ఇస్తే ఏమవుతుందో ఈ ట్రయల్ చెప్పలేదు, చెప్పాలని పెట్టుకోనూ లేదు.

అందుకని మెసేజ్ రాగానే ఒక కాగితం తీసుకుని నాలుగు ప్రశ్నలు రాసుకోండి: మొక్కలో ఏ భాగం, అందులో ఏ పదార్థం, ఎంత మోతాదు, ఎవరి మీద టెస్ట్ చేశారు. నాలుగిటికీ జవాబు దొరక్కపోతే, ఆ క్లెయిమ్‌ని నమ్మడానికి ఇంకా టైం రాలేదన్నట్టే.

పదివేల రెట్లు అనే అంకె కథ

"లక్ష్మణ ఫలం కీమో కంటే 10,000 రెట్లు పవర్‌ఫుల్" అని ఒక మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. విచిత్రం ఏంటంటే ఆ 10,000 ఎవరో కూర్చుని కల్పించిన అంకె కాదు. 1996లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళ పేపర్లో అది నిజంగానే ఉంది. వాళ్ళు ఆ పండు గింజల్లోంచి కొన్ని కొత్త పదార్థాలు విడదీశారు, వాటిలో సిస్-అనోనాసిన్ అనే దాన్ని హెచ్‌టీ-29 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేస్తే, అడ్రియామైసిన్ అనే మందుతో పోలిస్తే పదివేల వంతు మోతాదుకే ఆ కణాలు చచ్చిపోయాయి.

ఇప్పుడు మన నాలుగు ప్రశ్నలు వెయ్యండి. ఏ భాగం? గింజ. మెసేజ్‌లో మాత్రం పండు తినమని, ఆకులు మరిగించి తాగమని ఉంటుంది. ఏ పదార్థం? గింజలోంచి వేరు చేసి శుద్ధి చేసిన ఒకే ఒక్క పదార్థం. ఎంత? ల్యాబ్ ప్లేటులో చుక్కల లెక్కన. ఎవరి మీద? ప్లాస్టిక్ ప్లేటులో పెంచిన ఒక రకం కణాల మీద, అక్కడ మనిషీ లేడు ఎలుకా లేదు. పైగా అడ్రియామైసిన్ పెద్దపేగు క్యాన్సర్‌కి వాడే మందే కాదు, పనిచెయ్యని చోట పెట్టి పోలిస్తే ఎవరైనా బలవంతులుగానే కనిపిస్తారు.

ఇంకో సగం కథ ఆ మెసేజ్‌లో అసలు ఉండదు. అనోనాసిన్ లాంటి పదార్థాలు కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాని అడ్డుకుని చంపుతాయి, ఆ మైటోకాండ్రియా క్యాన్సర్ కణానికే కాదు మెదడు కణానికీ ఉంటుంది. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండు, దీని ఆకుల టీ బాగా వాడేవాళ్ళలో మామూలు పార్కిన్సన్స్ మందులకి లొంగని, పార్కిన్సన్స్ లాంటి జబ్బు ఎక్కువ కనిపిస్తోందని 1999లో లాన్సెట్ పత్రికలో రాశారు. పండు వల్లే వచ్చిందని అక్కడితో రుజువైపోలేదు, కానీ రోజూ లీటర్ల కొద్దీ ఆకు కషాయం తాగమనే మెసేజ్ చూస్తే నాకు భయమేస్తుంది.

ఏ మెట్టు మీద ఆగిందో చూడండి

ఏ మందైనా మూడు మెట్లు ఎక్కాలి: ప్లేటులో కణాలు, తర్వాత ఎలుకలు, తర్వాత మనుషులు. మొదటి మెట్టు ఎక్కడం చాలా తేలిక, ఎంత తేలికంటే మామూలు ఉప్పు కాస్త ఎక్కువ వేసినా ప్లేటులో క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయి. కాబట్టి "క్యాన్సర్ కణాలను చంపింది" అనే వాక్యం కనిపించగానే ఆగిపోకుండా పేపర్లో ఐసీ50 అనే అంకె వెతకండి, సగం కణాలు చావడానికో ఆగిపోవడానికో కావల్సిన గాఢత అది. ఆ గాఢత మనిషి రక్తంలోకి రావడం సాధ్యమేనా అన్నదే అసలు ప్రశ్న, దీన్ని లెక్క వేసి చూడొచ్చు కూడా.

పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థంతో ఒకసారి వేసి చూపిస్తా, ఎందుకంటే దీని మీద ఉన్నన్ని పేపర్లు, ఆశలు, గొడవలు ఇంకే మొక్క పదార్థం మీదా లేవేమో. కణాల మీద చేసే ప్రయోగాల్లో కర్క్యుమిన్‌ని తరచుగా 10 మైక్రోమోలార్ (గాఢత కొలిచే యూనిట్ ఇది) అటూ ఇటూ వాడతారు. కర్క్యుమిన్ అణుభారం 368, అంటే 10 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకి సుమారు 3,680 నానోగ్రాములు. ఇక మనుషుల దగ్గరికి రండి. ప్యాంక్రియాస్ క్యాన్సర్ పేషెంట్లకి రోజుకి 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చిన ఒక ట్రయల్ రిజల్ట్స్ 2008లో వచ్చాయి, పసుపు కాదండోయ్, కర్క్యుమిన్ క్యాప్సూళ్ళే 8 గ్రాములు. వాళ్ళ రక్తంలో దొరికింది మిల్లీలీటరుకి 22 నుంచి 41 నానోగ్రాములు. 3,680ని 41తో భాగించండి, దాదాపు 90 వస్తుంది. ప్లేటులో పనిచేసిన గాఢతకి మనిషి రక్తం 90 రెట్లు కింద ఉందన్నమాట, అదీ అంత భారీ డోసు మింగాక. పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతం, అంటే 8 గ్రాముల కర్క్యుమిన్ కావాలంటే పావుకిలో పైన పసుపు రోజూ తినాలి, లెక్క మీరే వేసుకోండి.

న్యాయంగా చెప్పాలంటే ఆ ట్రయల్లో ఒకళ్ళకి జబ్బు ఏడాదిన్నర పైన పెరక్కుండా ఆగింది, ఇంకొకళ్ళకి గడ్డ బాగా తగ్గి కొద్ది రోజుల్లోనే మళ్ళీ పెరిగింది. అందుకే రీసెర్చ్ ఆపలేదు. కానీ 2017లో కొందరు కెమిస్టులు అప్పటిదాకా వచ్చిందంతా తిరగేసి రాసిన రివ్యూలో, 120కి పైగా ట్రయల్స్ జరిగినా డబుల్ బ్లైండ్ ప్లాసిబో ట్రయల్ (ఎవరికి మందో ఎవరికి ఉత్త మాత్రో పేషెంట్‌కీ డాక్టర్‌కీ తెలియకుండా చేసేది) ఒక్కటి కూడా సక్సెస్ కాలేదని తేల్చారు. అందులోనే ఇంకో ముఖ్యమైన మాట ఉంది: కర్క్యుమిన్ తనంతట తనే వెలుగునిస్తుంది, దొరికిన ప్రోటీన్‌కల్లా అతుక్కుంటుంది, తొందరగా విరిగిపోతుంది, దాంతో ల్యాబ్ టెస్టుల్లో పనిచేసినట్టు దొంగ సిగ్నల్ ఇచ్చేస్తుంది. ఇలాంటి పదార్థాలు మొక్కల్లో ఇంకా చాలా ఉన్నాయి, ఒకే పదార్థం షుగర్‌కీ క్యాన్సర్‌కీ మతిమరుపుకీ కీళ్ళనొప్పులకీ అన్నిటికీ పనిచేసిందని పేపర్లు కనిపిస్తే ముందు ఈ అనుమానమే రావాలి.

ఎలుకల మెట్టు దగ్గర జనం ఎక్కువగా తప్పు చేసేది డోసు లెక్కలో. ఎలుకకి కిలోకి 100 మిల్లీగ్రాములు ఇచ్చారు, మనిషి 60 కిలోలు, కాబట్టి 6,000 మిల్లీగ్రాములు అని గుణించేస్తారు. అలా కాదు, చిన్న జంతువుల ఒంట్లో మందు చాలా వేగంగా ఖర్చైపోతుంది కాబట్టి చిట్టెలుక (పేపర్లో మౌస్ అని ఉంటుంది) డోసుని 12.3తో భాగించాలి. 100ని 12.3తో భాగిస్తే 8 చిల్లర, 60 కిలోల మనిషికి సుమారు 490 మిల్లీగ్రాములు. ఇది కూడా వాడమని చెప్పే డోసు కాదు, ట్రయల్ ప్లాన్ చేసేవాళ్ళు మొదలుపెట్టే అంచనా మాత్రమే. ఇంకోటి, ఎలుకకి మందు నోట్లో పోశారా పొట్టలోకి ఇంజెక్షన్ ఇచ్చారా అన్నది తప్పకుండా చూడండి, ఇంజెక్షన్‌తో వచ్చిన రిజల్ట్ కషాయంతో వస్తుందనుకోవడానికి లేదు.

మనుషుల మెట్టులో మళ్ళీ ఫేజులు. ఫేజ్ 1లో ఎంత డోసు వరకు మనిషి తట్టుకుంటాడో చూస్తారు, ఫేజ్ 2లో ఏమైనా పనిచేస్తున్న జాడ ఉందా అని, ఫేజ్ 3లో ఇప్పుడున్న ట్రీట్‌మెంట్‌తో పోల్చి. "ఫేజ్ 1 సక్సెస్" అని వార్త వస్తే సేఫ్టీ గురించి కాస్త తెలిసిందని అర్థం, క్యాన్సర్ తగ్గిందని కాదు.

బిళ్ళగన్నేరు మందుగా మారిన దారి

ఆకు నిజంగానే మందైనప్పుడు ఏం జరిగిందో తెలిస్తే మిగతా క్లెయిముల్ని తూచడం తేలికవుతుంది. బిళ్ళగన్నేరు ఆకుల్ని చాలా దేశాల్లో షుగర్ జబ్బుకి నాటు మందుగా వాడేవాళ్ళు. 1950ల్లో జమైకా నుంచి ఆ ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ దగ్గరికి చేరాయి. షుగర్ తగ్గుతుందేమో అని ఎలుకలకి నోటిద్వారా ఇస్తే ఏమీ కాలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే షుగర్ తగ్గలేదు గానీ ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చనిపోవడం మొదలైంది. ఎందుకని చూస్తే తెల్లరక్తకణాలు పడిపోయి ఉన్నాయి, ఎముక మజ్జ దెబ్బతింది. ఇంకొకళ్ళైతే విషం అని పక్కన పారేసేవాళ్ళు, వీళ్ళకి మాత్రం తెల్లకణాలు విపరీతంగా పెరిగే లుకేమియాలో ఇదే పనికొస్తుంది కదా అని తట్టింది. నోబుల్, చార్ల్స్ బీర్ కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్ విడదీశారు, ఈలై లిల్లీ కంపెనీ వాళ్ళు తమ దారిన తాము అదే మొక్క మీద పనిచేసి విన్‌క్రిస్టిన్ తెచ్చారు, 1963లో దానికి అమెరికాలో పర్మిషన్ వచ్చింది. పిల్లల్లో వచ్చే లుకేమియాకి ఇప్పటికీ వాడుతున్నారు.

ఇక్కడ గమనించాల్సింది మోతాదు. విన్‌క్రిస్టిన్ ఒక డోసు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, చిటికెడు కూడా కాదు. నరంలోకే ఇవ్వాలి, పొరపాటున వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి ఇస్తే ప్రాణం పోతుంది, హాస్పిటళ్ళలో దీనికి ప్రత్యేకంగా జాగ్రత్తలుంటాయి. అదే మొక్కలో ఉన్న విన్‌బ్లాస్టిన్‌కీ దీనికీ అణువులో తేడా ఒక్క చిన్న ముక్కే, కానీ విన్‌క్రిస్టిన్ ఎక్కువగా నరాల్ని దెబ్బతీస్తుంది, విన్‌బ్లాస్టిన్ ఎక్కువగా మజ్జని. ఒక గ్రాము మందు కావాలంటే వందల కిలోల ఎండు ఆకులు పడతాయి. ఇప్పుడు పెరట్లో నాలుగాకులు కోసి మరగబెడితే ఆ గ్లాసులో ఏది ఎంత ఉందో ఎవరు చెప్తారు? తక్కువుంటే పని చెయ్యదు, ఎక్కువుంటే అది విషం. బిళ్ళగన్నేరు క్యాన్సర్ మందే, బిళ్ళగన్నేరు కషాయం మాత్రం క్యాన్సర్ మందు కాదు.

క్యాంప్టోథెసిన్‌ది ఇంకా పెద్ద ప్రయాణం. చైనాలో పెరిగే ఒక చెట్టు నుంచి మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాని కలిసి దీన్ని విడదీసి 1966లో ప్రకటించారు. నీళ్ళలో కరగదు, అందుకని సోడియం ఉప్పుగా మార్చి 1970ల్లో పేషెంట్లకి ఇచ్చారు, అలా మారిస్తే అణువులో ఒక రింగు తెరుచుకుపోయి అసలు బలమే పోయింది, పైగా మూత్రాశయం పుండై రక్తం పడింది, ట్రయల్స్ ఆపేశారు. అది టోపోఐసోమెరేజ్ 1 అనే ఎంజైమ్ మీద పనిచేస్తుందని 1985లో బయటపడ్డాక మళ్ళీ ఊపందుకుంది, అణువుని మార్చి మార్చి చివరికి 1996లో ఇరినోటెకాన్, టోపోటెకాన్ అనే రెండు మందులు పర్మిషన్ తెచ్చుకున్నాయి. లెక్కేస్తే 30 ఏళ్ళు. పాక్లిటాక్సెల్‌కీ అంతే, 1962లో పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరిస్తే 1992లో పర్మిషన్, అది విడదీసింది కూడా వాల్, వాని టీమే, 12 కిలోల బెరడుకి అర గ్రాము దొరికింది వాళ్ళకి. అది కూడా నీళ్ళలో కరక్కపోతే ఆముదం నుంచి చేసిన ఒక ద్రవంలో కలిపి ఇచ్చారు, ఆ ద్రవం వల్ల కొందరికి అలర్జీ వస్తుందని ఇప్పటికీ ముందుగా స్టెరాయిడ్ ఇస్తారు. ఇంత తతంగం ఉంటుంది.

వెతకడం ఎలా

పబ్‌మెడ్ ఓపెన్ చెయ్యండి, మెడికల్ పేపర్లు వెతికే సైట్ అది, ఫ్రీ. మొక్క వాడుక పేరు కాకుండా లాటిన్ పేరు కొట్టండి, పక్కన క్యాన్సర్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. వందల రిజల్ట్స్ వస్తాయి, కంగారు పడొద్దు, ఎడమపక్క ఫిల్టర్లలో రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్ (పేషెంట్లని చీటీలు తీసినట్టు గ్రూపులు చేసి పోల్చేది) అని ఉంటుంది, దాన్ని టిక్ చెయ్యండి. వందలు కాస్తా ఐదో ఆరో అవుతాయి, చాలాసార్లు సున్నా అవుతుంది. ఆ సున్నాయే మీకు కావల్సిన జవాబు. ఏవైనా మిగిలితే ఒక్కో పేపర్ సారాంశంలో ఎంతమంది పేషెంట్లు, దేనితో పోల్చారు, ముందుగా కొలుస్తామన్నది ఏంటి అనే మూడూ చూడండి. గడ్డ సైజు, బతికిన కాలం కొలవకుండా రక్తంలో ఏదో ఒక మార్కర్ తగ్గిందని మాత్రమే రాస్తే అది ఇంకా దూరంలో ఉన్నట్టే. పేపర్ పైన రిట్రాక్టెడ్ అని ఎర్రగా ఉందేమో కూడా చూసుకోండి, ఈ రంగంలో బొమ్మలు మార్చి దొరికిపోయి వెనక్కి తీసుకున్న పేపర్లు తక్కువేం లేవు.

తర్వాత ట్రయల్స్ రిజిస్టర్ చేసే సైట్ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో అదే పేరు వెతకండి, ట్రయల్ ఎప్పుడో అయిపోయింది అని ఉండి రిజల్ట్ మాత్రం ఎక్కడా కనపడకపోతే అనుమానించాల్సిందే. అంత ఓపిక లేనివాళ్ళకి న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ వాళ్ళ ఎబౌట్ హెర్బ్స్ అనే సైట్ ఉంది, మొక్క పేరు కొడితే రుజువు ఎంతవరకుంది, ఏ మందుతో పడదు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. నా సలహా అడిగితే ముందు అక్కడికే వెళ్ళండి.

డబ్బా మీద రాసిందే లోపల ఉందా

మొక్క మంచిదే అనుకుందాం, డబ్బాలో ఉన్నది ఆ మొక్కేనా? 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికి ఇచ్చిన చైనీస్ మూలికల మాత్రల్లో ఒక మొక్క బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది, వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాళ్ళలో కిడ్నీలు పూర్తిగా పోయి తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనపడిందని 2000లో రాశారు. అంటే మూలికే క్యాన్సర్ తెచ్చింది. అందుకే డబ్బా మీద లాటిన్ పేరు లేకపోతే నేనైతే ముట్టుకోను.

పీసీ-స్పెస్ కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కని అమెరికాలో అమ్మిన ఎనిమిది మూలికల మిశ్రమం అది, పీఎస్ఏ (ఈ జబ్బు ఎంతుందో చూడ్డానికి రక్తంలో కొలిచే అంకె) నిజంగానే పడిపోయేది, డాక్టర్లు కూడా ఆశపడి ట్రయల్స్ మొదలెట్టారు. తీరా ల్యాబ్‌లో చూస్తే కొన్ని బ్యాచుల్లో డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే ఈస్ట్రోజన్ మందు, రక్తం పలచబడే వార్ఫరిన్, ఇండోమెథసిన్ అనే నొప్పి మాత్ర కలిసి ఉన్నాయి. ఆ ఈస్ట్రోజన్ ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఎప్పటినుంచో తెలిసిన మందే, మరి పీఎస్ఏ పడక ఏం చేస్తుంది? 2002లో మార్కెట్ నుంచి తీసేశారు. కాబట్టి "మా బంధువుకి నిజంగానే తగ్గింది" అని ఎవరైనా ఒట్టేసి చెప్పినా వాళ్ళు అబద్ధం చెప్తున్నారని కాదు, దేనివల్ల తగ్గిందో వాళ్ళకీ తెలీదు. చాలాసార్లు కీమో కూడా అదే టైంలో నడుస్తూ ఉంటుంది, ఆ సంగతి మెసేజ్‌లో ఉండదు.

అప్రికాట్ గింజల అమిగ్డలిన్ గురించి ఒక్క ముక్క, దాన్ని "విటమిన్ బీ17" అని అమ్ముతారు, అసలు విటమినే కాదు. ఒంట్లో సైనైడ్ అవుతుంది. 1982లో 178 మంది పేషెంట్ల మీద చూశారు, ఎవరికీ జబ్బు నయం కాలేదు, కొందరికి సైనైడ్ లక్షణాలు వచ్చాయి. అక్కడితో ఆ ఫైల్ మూసెయ్యొచ్చు.

కీమోతో కలిస్తే

ఇంట్లోవాళ్ళు "ఎలాగూ కీమో నడుస్తోంది, పక్కన ఇది కూడా ఇస్తే పోయేదేముంది" అంటారు. పోయేది ఉంది. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, దిగులు తగ్గడానికి చాలామంది వాడతారు, అది లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని పెంచేస్తుంది. ఇరినోటెకాన్ తీసుకునేవాళ్ళకి ఇది కూడా ఇస్తే ఆ మందు ఒంట్లో అసలు పనిచేసే రూపం 42 శాతం తగ్గిపోయింది, కీమో డబ్బులు కట్టి, బాధలు పడి, దాదాపు సగం మందు వృథా చేసుకున్నట్టు. గ్రీన్ టీలో ఉండే ఈజీసీజీ ఇంకో రకం, మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కి ఇచ్చే బోర్టెజోమిబ్ మందుకి నేరుగా అతుక్కుని దాన్ని పనిచెయ్యనివ్వదని 2009లో ల్యాబ్‌లో, ఎలుకల్లో చూశారు, అప్పటినుంచి ఆ మందు వాడేవాళ్ళకి గ్రీన్ టీ క్యాప్సూళ్ళు వద్దని చెప్తున్నారు. మిరియాల్లోని పైపెరిన్ దీనికి ఉల్టా, ఎంజైముల్ని అణిచేస్తుంది, అందుకే కర్క్యుమిన్ క్యాప్సూళ్ళలో అది కలుపుతారు, కానీ అది కర్క్యుమిన్ వరకే ఆగదు కదా, వేరే మందులు కూడా రక్తంలో పెరిగిపోవచ్చు. పసుపు-పైపెరిన్ క్యాప్సూళ్ళతోనూ అశ్వగంధతోనూ లివర్ దెబ్బతిన్న కేసులు మెడికల్ పత్రికల్లో వచ్చాయి. వంటలో వేసే చిటికెడు గురించి కాదు నేను మాట్లాడేది, క్యాప్సూళ్ళ గురించి.

అన్నిటికంటే పెద్ద నష్టం మాత్రం ట్రీట్‌మెంట్ మానేసి మూలికల మీదే ఉండిపోవడం. యేల్ యూనివర్సిటీ వాళ్ళు వేరే చోట్లకి పాకని దశలో ఉన్న రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల, పెద్దపేగు క్యాన్సర్లలో మామూలు ట్రీట్‌మెంట్ వద్దని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్ళతో పోల్చి 2018లో రాశారు. చనిపోయే రిస్క్ మొత్తం మీద 2.5 రెట్లు, రొమ్ము క్యాన్సర్లో అయితే ఐదు రెట్ల పైన. నయమయ్యే దశలో ఉన్నవాళ్ళు వీళ్ళు, అదే బాధ.

డాక్టర్‌తో ఎలా మాట్లాడాలి

చాలామంది డాక్టర్ తిడతారని దాచిపెడతారు. దాస్తే డాక్టర్‌కి లివర్ రిపోర్ట్ ఎందుకు చెడిందో అర్థంకాదు, కీమో వల్లే అనుకుని డోసు తగ్గించెయ్యొచ్చు, అంటే మూలిక చేసిన తప్పుకి మందు కోత పడుతుంది. కాబట్టి డబ్బా ముందూ వెనకా ఫోటో తీసి పెట్టుకోండి, ఎప్పటినుంచి, రోజుకి ఎంత, ఎవరు చెప్తే అని రాసుకోండి. "ఇది వాడొచ్చా" అని అడిగితే ఒక్క ముక్కలో వద్దని పంపించేస్తారు, అలా కాకుండా "నాకిచ్చే మందుతో ఇది కలిస్తే ఏమవుతుంది, నా ప్లేట్‌లెట్లకి లివర్‌కి ఏమైనా ఇబ్బందా" అని అడగండి, అప్పుడు ఫార్మసిస్ట్‌ని పిలిచైనా చూసి చెప్తారు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మూలికల మందులన్నీ ఆపమంటారు, రక్తం గడ్డకట్టడంలో తేడా వస్తుందని. ఆ డేట్ అడిగి తెలుసుకోండి.

మొక్కల పదార్థాల్నే ప్రయత్నించాలని గట్టిగా ఉంటే దానికి సరైన చోటు ట్రయల్. యేల్‌లో యుంగ్-చీ చెంగ్ టీమ్ నాలుగు మూలికల పాత చైనీస్ కషాయాన్ని పీహెచ్‌వై906 అనే పేరుతో, ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండేట్టు తయారుచేసి, ఇరినోటెకాన్ వల్ల పేగులకి జరిగే డ్యామేజీ తగ్గుతుందేమో అని పేషెంట్లలో పరీక్షించింది. పాత వైద్యాన్ని కొట్టిపారెయ్యకుండా, గుడ్డిగా నమ్మకుండా చూసే పద్ధతి ఇదే. ట్రయల్‌లో చేరేముందు రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ ఉందో లేదో అడగండి, సంతకం పెట్టమనే కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి, మధ్యలో ఎప్పుడైనా మానేసే హక్కు మీకుంటుంది. పరీక్షిస్తున్న మందుకి సాధారణంగా పేషెంట్ దగ్గర డబ్బులు తీసుకోరు. "మాది ట్రయల్, కోర్సుకి ఇంత కట్టండి" అని ఎవరైనా అంటే ఆ రిజిస్ట్రేషన్ నంబర్ చూపించేదాకా పైసా తియ్యకండి.